చారల చేప పిల్లలూ, కారం జాడీ గుడ్డా

మిరపకాయలు కల్లంలో ఆరుతున్నన్నాళ్లూ మా ఆయన ఇంట్లో ఉండరు. ప్రత్తిపాడు దగ్గర మా చేలో మంచం వేసుకుని కాపలా పడుకుంటారు. మబ్బు పడితే పట్టాలు కప్పాలి, ఎండొస్తే తీయాలి, కాయ తిరగేయాలి. అమ్మాయి హాస్టల్లో ఉంటుంది. ఇక గుంటూరు ఇంట్లో మిగిలేది నేనూ, ఆయనగారి చేపలూ.

ఆ అక్వేరియం ముందుగదిలోకి వచ్చిన రోజు నుంచీ నాకు దాన్ని చూస్తే ఒళ్లు మంట. టీవీ పెట్టుకునే బల్ల దానికిచ్చేసి, టీవీని గోడకెక్కించారు. కల్లం నుంచి రోజూ సాయంత్రం ఫోన్ చేసి మొదట అడిగే మాట, "చేపలెలా ఉన్నాయి?" అన్నం తిన్నావా, నడుం నొప్పి తగ్గిందా అన్నవి ఆ తర్వాత, అదీ గుర్తుంటే. "నేనూ వెళ్లి ఆ నీళ్లలో కూర్చుంటాను, అప్పుడైనా అడుగుతారేమో" అని ఒకసారి అనేశాను. ఆయన నవ్వి, "మేత వేశావా?" అన్నారు. చూశారా వరస!

ఈ ఏడు కూడా అలాగే వెళ్లారు. ఒక ఉదయం మేత వేద్దామని చూస్తే, నీళ్లడుగున మట్టికుండ పెంకు పక్కన ఇసుక కదులుతోంది. కళ్లజోడు పెట్టుకుని మళ్లీ చూశాను. ఇసుక కాదు. ఆవగింజంతేసి పురుగులు, కుప్పగా. దోమ పిల్లలే అనుకున్నాను. నీళ్లు నిలవ ఉంచొద్దని మునిసిపాలిటీ వాళ్లు వీధి వీధీ తిరిగి చెబుతుంటే, మేం ముందుగదిలో దోమల్ని పెంచుతున్నామన్నమాట! టీ వడపోసే జల్లెడ తెచ్చి నీళ్లలో పెట్టానో లేదో, చారల చేప ఒకటి రివ్వున వచ్చి నా వేలు కొరికింది. మనిషి వేలంత లేదు, దాని పొగరు చూడండి.

వెంటనే ఫోన్ చేశాను.

"మీ చేప నన్ను కరిచిందండీ!"

"ఏ చేప?"

"నా వేలు సంగతి అడగరేం? చారలది. దోమ పిల్లల్ని తీస్తుంటే కరిచింది."

"అవి పైన తేలుతున్నాయా, అడుగున ఉన్నాయా?"

"అడుగునే. చారలవి రెండూ వాటి చుట్టూనే కాపలా తిరుగుతున్నాయి."

"దోమ పిల్లలైతే గాలికి పైకి రావాలే. ఒక చారలదాని పొట్ట మీద నారింజ రంగేమైనా ఉందా, చూడు."

"ఉంది."

"అయితే అది ఆడది! అవి దాని పిల్లలు! ఈ చారల జాతి, సిక్లిడ్లంటారు, పిల్లల్ని అలాగే కాస్తాయి. చేపలమ్మిన కొట్టువాడు రెండూ మగవే అన్నాడే!"

గొంతే మారిపోయింది. అమ్మాయి పుట్టిన రోజు నా మంచం పక్కన నిలబడి మాట్లాడిన గొంతు అది. ఇక ఆగకుండా చెప్పుకుపోయారు. అదే తొట్లో ఉన్న ఏంజెల్ చేపలు పిల్లల్ని తినేస్తాయి, గాలి గొట్టం పెట్టి ఆ ఏంజెళ్లను బకెట్లోకి మార్చాలి. ఉడికించిన గుడ్డు పచ్చసొన చిటికెడు నీళ్లలో కలిపి వేయాలి. ఫిల్టరు పిల్లల్ని లాగేస్తుంది, దాని మూతికి మెత్తటి గుడ్డ కట్టాలి. "నేనొచ్చేదాకా బతికించవే, నీకు పుణ్యముంటుంది" అన్నారు. ఆయన నన్ను ఒకటి అడగడమే అరుదు, ఇలా బతిమాలడం ఎప్పుడూ లేదు. సరే, నా మీద వదిలేయండి అన్నాను.

ఏంజెళ్లను మార్చాను. గుడ్డు ఉడికించాను. ఇక మెత్తటి గుడ్డ. ఇంట్లో అన్నిటికన్నా మెత్తనిది నా పాత చీరాల చీర ముక్క. దాన్ని కారం జాడీ మూతికి వాసెన కట్టేదాన్ని. జాడీ ఖాళీ అయిందని ఉతికి ఆరేశాను, తెల్లగానే కనబడుతోంది. ఫిల్టరు మూతికి చుట్టి, రబ్బరు బ్యాండు వేసి, స్విచ్చి నొక్కి, నా పనితనం చూసి నేనే మురిసిపోయాను. ఏడాది పొడుగునా గుంటూరు కారం మీద కూర్చున్న గుడ్డకి ఒక్క ఉతుకుతో ఘాటు పోతుందా? ఆ బుద్ధి అప్పుడు లేదు.

కాసేపటికి ఫిల్టరు నుంచి సన్నగా ఎర్రటి నీళ్లు దిగాయి. చారలవి రెండూ వెర్రెత్తినట్టు తిరిగాయి. తల్లి గభాల్న పిల్లల మీదికి దూకి నోరు తెరిచింది. ఒక పిల్ల లోపలికి పోయింది. తర్వాత ఇంకొకటి.

"నీ దుంప తెగ! కన్నపిల్లల్నే తింటావటే!" అని అరిచి, స్విచ్చి కట్టేసి, చేయి పెట్టి గుడ్డ పీకేశాను. ఏడుపు ఆగలేదు. ఆయన అంతగా బతిమాలితే, ఒక్క పూట కూడా కాపాడలేకపోయానే అని. చేత్తో కళ్లు తుడుచుకుంటూ మళ్లీ ఫోన్ చేశాను.

"తినేసిందండీ, పిల్లల్ని. నేనే చేశాను. కారం జాడీ గుడ్డ కట్టాను."

తిడతారనుకున్నాను.

"ఆ చేత్తోనే కళ్లు తుడుచుకున్నావా?"

"ఊఁ."

"ముందు వెళ్లి కళ్లు కడుక్కో. నలపకు, నీళ్లు కొట్టు. చేపల సంగతి తర్వాత."

కొళాయి కింద మొహం పెట్టి చాలాసేపు ఏడ్చాను. కొంత మంటకి, కొంత ఆ మాటకి. తర్వాత సగం నీళ్లు తోడేసి, ముందురోజు పట్టి ఉంచిన నీళ్లు పోశాను. వాచిన కళ్లతో గాజుకి ముక్కు ఆనించి చూస్తే, తల్లి అవతలి మూలకి వెళ్లి ఉఫ్‌మని ఊదింది. నోట్లోంచి పిల్ల బయటపడింది. మళ్లీ వచ్చి ఇంకొకదాన్ని నోట కరుచుకుని వెళ్లింది. తినడం లేదు! ఘాటు తగలని చోటికి మోసుకుపోతోంది. పిచ్చి తల్లి, ఎన్ని మాటలన్నాను దాన్ని! కొన్ని పిల్లలు పోయే ఉంటాయి. కానీ ఆ మూల ఇసుక మళ్లీ కదులుతోంది.

ఫిల్టరుకి ఈసారి మా ఆయన కొత్త బనీను చింపి కట్టాను. ఏమంటారో అననీ.

సాయంత్రం వేళకి ఫోన్ మోగింది.

"కళ్లెలా ఉన్నాయి?" అన్నారు.

ఎన్నాళ్లనుంచో ఎదురుచూసిన మాట.

"పిల్లలు బాగున్నాయండీ" అన్నాను.