నత్త చెప్పేదాకా

గాంధీపురంలోని ఒక బట్టల షాపులో నేల తుడిచే అయ్యాసామి, అక్కడి ఉప్పునీళ్ల చేపల తొట్టిలో చెయ్యి పెట్టేముందు మోచేతిదాకా నాలుగుసార్లు కడుక్కుంటాడు. ఫినాయిలు చుక్క తగిలినా లోపలి నత్తలు చచ్చిపోతాయి. అద్దానికి పట్టిన పాచినీ, చేపలు వదిలేసిన మేతనూ తిని తొట్టిని శుభ్రంగా ఉంచేవి ఆ నత్తలే. వెల్లకిలా పడ్డవాటిని రోజూ తిప్పి పెడతాడు. “ఏమన్నా, పెండ్లికి పోతాండావా?” అని, అతను చేతులు కడగడం చూసి సూపర్‌వైజర్ రంజని నవ్వితే అతనూ నవ్వేస్తాడు. ఇరవై ఏళ్లు మురుగు కాలవల్లో దిగి పనిచేసి ముక్కుకు వాసన తెలియకుండా పోయిందని ఎవరికీ చెప్పలేదు. చెబితే తొట్టి పని ఇంకొకరికి ఇచ్చేస్తారని భయం.

ఒకరోజు పెద్ద నత్త ఒకటి ముడుచుకుపోయి కదల్లేదు. “చచ్చింటే తీసేయన్నా, నీళ్లు చెడితే చేపలన్నీ పోతాయి. వాసన చూస్తే తెలిసిపోతుంది గదా,” అంది రంజని. అతను ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఏమీ తెలియలేదు. తొట్టి నీళ్లే గిన్నెలో పోసి, నత్తను అందులో ఉంచి, పని మధ్యలో వచ్చి వచ్చి చూశాడు. సాయంత్రానికి అది గిన్నె గోడ పట్టుకుని పైకి పాకుతోంది.

“బతికుండాదని పొద్దునే చెప్పుండొచ్చు గదన్నా?” అంది రంజని.

“నా ముక్కు పోయి శానా ఏండ్లాయమ్మా. దాన్నే చెప్పనీ అని విడిచిపెట్టినా.”

రంజని గిన్నెలోకి వంగి నత్తను చూసింది. “సరి. రేపట్నుంచి చేతులు కడుక్కొని నా దగ్గరికి రా. ఫినాయిలు వాసన ఉండాదో లేదో నేను చూసి చెప్తా.”

మర్నాడు ఆమె ముందు నిలబడి మురుగు ఎత్తిన ఆ చెయ్యి ఆమె ముక్కు దగ్గరికి చాచడానికి అయ్యాసామికి చాలాసేపు పట్టింది.