చక్కెర లేని చాయ్

సహోదరులారా, ఐదేళ్ల పాటు మీ మధ్యనే కూర్చుని మీతో ఒక అబద్ధం చెప్పాను. చిన్న మాటే: షుగర్.

నా భర్త హైటెక్ సిటీ ఆఫీసులకు క్యాబ్ నడిపేవాడు. ఆయనకూ నాకూ హెచ్ఐవీ ఉందని ఒకే రోజు తెలిసింది. రోజూ మాత్ర వేసుకుంటే అందరిలాగే బతకవచ్చని డాక్టరు చెప్పారు, కానీ తోటి డ్రైవర్లు చూస్తారేమోనని ఆయన ఒక రోజు మానేశాడు, తరువాత పూర్తిగానే మానేశాడు. ఆయన మందులు దొరక్క పోలేదు, సిగ్గుతో పోయాడు. ఈ మాట పైకి చెప్పడానికి నాకు చాలా కాలం పట్టింది.

నేను మాత్రలు మానలేదు, దాచాను. నిజాంపేటలోని నా గదిలో రవ్వ డబ్బా అడుగున ఉండేవి. ప్రార్థన కోసం ఏం జబ్బని సంఘంలో అడిగితే షుగర్ అన్నాను. ఆ ఆదివారం నుంచి పాస్టరమ్మ నా కోసం వేరే గిన్నెలో చక్కెర లేని చాయ్ కాచింది, నేను తల వంచుకుని తాగాను.

కరోనా వచ్చి ఊపిరి అందనప్పుడు నన్ను దవాఖానలో చేర్చిందీ, నా గదికి తాళం వేసిందీ ఆవిడే. "షుగర్ పేషెంటమ్మా, జర మంచిగ చూడుండ్రి" అని కూడా చెప్పి వెళ్ళింది. నర్సు రోజూ వేలు పొడిచి చూసి, "షుగర్ నార్మలే ఉంది గదా, ఏం మందులు వాడుతవమ్మా?" అని అడిగేది. నేను కళ్ళు మూసుకునేదాన్ని. అలా మూడు రోజులు మాత్ర లేకుండా గడిచాయి. నా భర్త నడిచిన దారిలోనే నడుస్తున్నానని మూడో సాయంత్రం అర్థమైంది.

"ప్రభువా, బతుకు సంగతి నీ చిత్తం. నిజం చెప్పడానికి సరిపడా ఊపిరి మాత్రం ఇవ్వు" అని ప్రార్థించాను. నర్సును పిలిచి చెప్పాను. తరువాత పాస్టరమ్మకు ఫోన్ చేసి, "అమ్మా, నాది షుగర్ కాదు" అని మొదలుపెట్టి అంతా చెప్పాను.

ఆవిడ మొదట అడిగింది మాత్రల సంగతే.

"ఏ డబ్బల ఉన్నయ్ బిడ్డా?"

"రవ్వ డబ్బాలో."

"నేను ఇప్పుడే పోయి తెస్త." మళ్ళీ తనే, "ఓసి నీ! గిన్నేండ్ల సంది నీకు చప్పటి చాయ్ తాపించిన గదనే! చెప్పొద్దా?" అంది. ఆక్సిజన్ మాస్కు కింద నేను నవ్వాను, నవ్వుతూనే ఏడ్చాను. గంటలో మాత్రలు వార్డు గేటు దగ్గరికి వచ్చాయి, రెండు వారాలకు నేను ఇంటికి వచ్చాను. దేవునికే మహిమ!

నాకు హెచ్ఐవీ పోలేదు, ఈ ఉదయం కూడా మాత్ర వేసుకునే వచ్చాను. మందు మానమని ప్రభువు నాతో చెప్పలేదు, దాచవద్దని చెప్పాడు. ఇంటికి వచ్చాక సంఘంలో మొదటిసారి ఈ సంగతి చెప్పినప్పుడు ఒకరిద్దరు కుర్చీలు దూరంగా జరుపుకున్నారు, అదీ నిజమే. ఆ వారమే పాస్టరమ్మ నా గ్లాసులో రెండు చెంచాల చక్కెర వేసి, వచ్చి నా పక్కనే కూర్చుంది.

నా భర్తకు అలా కూర్చునేవారు ఒక్కరు దొరికి ఉంటే బాగుండేది.

సహోదరులారా, మీలో ఎవరైనా తమ జబ్బుకు వేరే పేరు పెట్టుకుని ఈ వరుసల్లో కూర్చుని ఉంటే, ప్రభువుకు మీ అసలు పేరూ తెలుసు, జబ్బు అసలు పేరూ తెలుసు, ఆయనను నమ్మండి. ఆరాధన అయ్యాక నా దగ్గరికి రండి. చాయ్‌లో చక్కెర ఎంత వేయాలో చెబితే చాలు, మిగతాది మెల్లగా చెప్పుకుందాం.