అమ్మ పేరు రాసిన కప్పు

సూరత్‌లో ఇరవై ఏళ్లుగా మగ్గాల మోతలో బతుకుతున్నవాణ్ణి. కార్ఖానాలో దయ్యం తిరుగుతోందని ఎవరైనా అంటే, ముందు మోటారు బెల్టు వదులైందేమో చూసుకోమని వెక్కిరించేవాణ్ణి. ఇప్పుడు రాస్తున్నది ఏ లెక్కలోకి వస్తుందో తెలియదు. చెప్పుకోవడానికి మాత్రం సిగ్గుగా ఉంది.

మా తమ్ముడు మల్లేశం సముద్రపు లోతులను పరిశోధించే ఓడలో వంటవాడు. కరోనా రెండో ఏడు, ఓడ ఎక్కినవాళ్లను మధ్యలో దిగనిచ్చేవారు కాదు. అమ్మ సూరత్‌లోనే, లింబాయత్ పేటలో మా అద్దె గదిలో ఉండేది. వాడు వారానికోసారి శాటిలైట్ ఫోన్లో మాట్లాడేవాడు.

ఒక సోమవారం పొద్దున పదింటికి అమ్మ గుండె ఆగి పోయింది. మా వైపు తల్లికి చిన్నకొడుకే తలకొరివి పెట్టాలి. వాడికి ఒక్క మాటైనా చెప్పకుండా నేనే పెట్టేశాను.

సాయంత్రం వాడే ఫోన్ చేశాడు. ఆ ఓడలో ఒక సరదా ఉంది. థర్మకోల్ కప్పుల మీద ఇంట్లోవాళ్ల పేర్లు రాసి, సంచిలో కట్టి, నీళ్లను పరీక్షించే యంత్రంతో పాటు లోతుకు దింపుతారు. నీళ్ల బరువుకు నలిగి, కుంకుమ భరిణెలంత అయి పైకి వస్తాయి. ఆ రోజు వాడు నాలుగు కప్పుల మీద నా పేరు, నా భార్య పేరు, మా పాప పేరు, అమ్మ పేరు రాశాడట.

"అన్నా, పొద్దుగాల పదింటికి దింపినం. మీ ముగ్గురియి చిన్నగైనయి. అమ్మది ఎట్ల పోయిందో గట్లనే వచ్చింది. ఈడ సార్లకు గూడ సమజైతలేదు. అమ్మ మంచిగున్నదా?"

"మంచిగనే ఉన్నది రా. పండుకున్నది" అన్నాను. నా ఒంటికి ఇంకా చితి పొగ వాసన పోలేదు.

నడిసముద్రంలో ఏడిస్తే ఓదార్చేవాళ్లెవరని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. నిజానికి వాడి మాట పడాల్సి వస్తుందని భయపడ్డాను. నా భార్య నోరు కూడా మూయించాను. వారం వారం వాడు అడిగాడు. అమ్మను ఒకసారి స్నానానికి పంపాను, ఒకసారి పక్కింటికి పంపాను.

మూడు నెలలకు మా దగ్గరి ఉధ్నా స్టేషన్‌లో దిగాడు. టోపీ తీస్తే జుట్టు సరిగ్గా, అమ్మ కర్మకు గుండు చేయించుకున్న నా జుట్టంతే పెరిగి ఉంది.

"నాకు గా దినమే, కప్పు జూస్తెనే ఎరుకైంది అన్నా. పదకొండో దినం గుండు గీయించుకున్న. నువ్వు జెప్తవేమోనని వారం వారం అడిగిన."

ప్లాట్‌ఫాం మీద అంతమందిలో తల ఎత్తలేకపోయాను.

ఆ కప్పు ఎందుకు నలగలేదో చదువుకున్నవాళ్లను అడిగి చూశాను. ఎవరూ చెప్పలేకపోయారు. నాకూ అంతుపట్టలేదు.

మల్లేశం మళ్లీ ఓడ ఎక్కాడు. ఫోన్ మానలేదు. కానీ ఇంట్లో అందరూ ఎలా ఉన్నారని నన్ను అడగడు. ఫోన్ పాపకు ఇమ్మంటాడు.