ప్లగ్గు మీద చెయ్యి

లింగాల ఘనపూర్‌లో ఎవరి కంప్యూటర్ చెడిపోయినా గీతకే ఫోన్ చేస్తారు. ఆమెది పక్క తండా. పనికి పిలవడానికి ఎవరికీ అభ్యంతరం లేదు, పేరు పెట్టి పిలవడానికే నోరు రాదు. జిరాక్స్ షాపు యుగేందర్ అయితే మరీ. ఇద్దరు పిల్లల తల్లిని పట్టుకుని 'ఓ పిల్లా' అంటాడు.

దసరా మర్నాడు అతని కంప్యూటర్ తెర నల్లగా ఉండిపోయింది. గీత వచ్చేసరికి షాపు నిండా జనం. వాళ్లందరి ముందే అందుకున్నాడు.

"ఓ పిల్లా, పోయిన వారం నువ్వు ముట్టినంకనే గిది ఖరాబైంది. తండావోళ్లకు మిషన్లు అప్పజెప్తే గిట్లనే ఉంటది."

గీత సీపీయూ మీది కుంకుమ బొట్లను, బంతిపూల దండను చూసింది.

"నిన్న అప్‌డేట్ నడుస్తుంటే ప్లగ్గు పీకినవా?"

"పీకక? నడిచే మిషన్‌కు ఆయుధ పూజ ఎట్ల చేస్తరు?"

"ఆపొద్దని తెర మీద రాసి ఉండె గద?"

"మిషన్ చెప్తే నేను ఇనాల్నా?"

ఆమె పెన్‌డ్రైవ్ పెట్టింది. సగంలో ఆగిన అప్‌డేట్‌ను తీసేసి మళ్లీ మొదటి నుంచి ఎక్కించడం మొదలుపెట్టింది. తెర వెలిగింది. అప్‌డేట్ సగం దాటింది. యుగేందర్ జనం వైపు తిరిగి నవ్వాడు.

"చెడగొట్టింది తనే, బాగు చేసేది తనే."

గీత వంగి ప్లగ్గు పట్టుకుంది.

"చెడగొట్టేది నేనే గద. మళ్ల చెడగొట్టనా?"

"వద్దు, వద్దు! జర ఆగు... గీతక్కా!"

"నా పేరు ఎరుకే అన్నట్టు." ఆమె చెయ్యి తియ్యలేదు. "ఇగ ఎవరు చెడగొట్టిన్రో గూడ వీళ్లకు చెప్పు."