పెరిగే పిల్లకు కొన్న సైకిల్

మా ఇంట్లో పిల్లకు ఏది కొన్నా ఒక సైజు పెద్దదే. గౌనుకు లోపల మడత పెట్టి కుట్టించడం, బూట్ల ముందు భాగంలో గుడ్డ కుక్కడం మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను. పిల్లలు బిన్నా పెరుగుతారు, అతికినట్టు సరిపోయేది కొంటే ఏడాది తిరిగేసరికే పొట్టిదై మూలన పడుతుందని నా వాదన.

అందుకే ఎర్రగుంట్లలో మా అమ్మాయికి సైకిల్ కొన్నప్పుడు కూడా పెద్దదే చూపించాను. అప్పుడది నాలుగో తరగతి. సీటు పూర్తిగా దించినా కాలి బొటనవేలు నేలకు తగిలీ తగలనట్టు ఉండేది. చిన్నది తీసుకుందామని మా ఆయన నసిగారు. నేను ఊరుకుంటానా! పిల్ల ఎదుగుదల నాకు తెలుసా, మీకు తెలుసా అని షాపులోనే గయ్యిమన్నాను. ఆయన జేబులోంచి డబ్బు తీశారు.

పిల్లకు మాత్రం ఆ సైకిలంటే ప్రాణం. దిగాల్సి వచ్చినప్పుడల్లా ఎవరిదో ఒక అరుగు పక్కకు తెచ్చి, దాని మీద కాలు ఆనించి దిగేది. ఎంత తెలివైందో అని మురిసిపోయానే గానీ, అరుగు లేని చోట ఏం చేస్తుందని ఒక్కసారీ అనుకోలేదు. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఒక ఆదివారం పొద్దున పాలపాకెట్ కోసం నేనే పంపాను. మా వీధి చివర ఎవరో ఇల్లు కడుతూ నాపరాళ్ళు దారి పక్కనే దింపించారు. అక్కడికి వచ్చేసరికి ట్రాక్టరు ఎదురైంది. పిల్ల బ్రేకు పట్టి సైకిల్ ఆపనైతే ఆపింది. ఆగిన సైకిల్ ఒరిగిపోతుంటే కాలు పెట్టడానికి నేల అందలేదు. మోచెయ్యి రాళ్ళకు కొట్టుకుంది.

పరిగెత్తుకుంటూ పోయి నేను చేసిన మొదటి పని దాన్ని ఎత్తుకోవడం కాదు, తిట్టడం.

"కాలు కింద పెట్టొచ్చు గదే! కండ్లు యాడ పెట్టుకోని తొక్కుతాండావు?"

అది చెయ్యి పట్టుకుని ఏడుస్తూ ఉండిపోయింది. కడపలో ఎముకల డాక్టరు ఎలా పడ్డావని అడిగినప్పుడు మాత్రం నాకంటే ముందు తనే నోరు విప్పింది.

"మా అమ్మ మంచి సైకిలే కొనిచ్చింది సార్. నా కాళ్ళే పొట్టిగా ఉండాయి."

నాకు తల కొట్టేసినట్టయింది. మా ఆయన నా వైపు చూడలేదు. చూసి నాలుగు తిట్టినా బాగుండేది.

ఆపరేషన్ చేసి మోచేతిలో కమ్మీలు పెట్టారు. చెయ్యి మళ్ళీ పూర్తిగా చాపగలదో లేదో కట్టు విప్పాకే తెలుస్తుందన్నారు. కట్టు విప్పి చాలా రోజులైంది. రోజూ సాయంత్రం పక్కన కూర్చుని, డాక్టరు చెప్పినట్టు చెయ్యి చాపిస్తున్నాను. ఇంకొంచెం, ఇంకొంచెం అని బతిమాలుతాను. అది పళ్ళు బిగించి చాపుతుంది. మోచేతి దగ్గర వంకర అలాగే ఉంది.

పెద్ద సైకిల్ అమ్మేసి చిన్నది కొందామని మొన్న మా ఆయనతో అంటుంటే పిల్ల విన్నట్టుంది. వచ్చి ఆ చేత్తోనే నా కొంగు పట్టుకుంది.

"అమ్మొద్దు మా. నేను బిన్నా పెరుగుతా."