బుకింగ్ సీటు

ఎనభైల మొదట్ల నేను హన్మకొండల టెలిఫోన్ ఆపరేటర్‌ను. దూరపూరికి మాట్లాడాలంటే జనం మాకు ఫోన్ చేసి ఊరు, నంబరు చెప్పేది. ఎవరికి వచ్చిన కాల్ వాళ్లే రాసుకొని, వాళ్లే కలిపేది. పత్తి సీజన్ల వ్యాపారులు ఎదురుచూసి ఎదురుచూసి మమ్మల్ని తిట్టేది.

ఒక శనివారం చాయ్ తాగుకుంట ఆపరేటర్లమంత మాట్లాడుకున్నం. ఒక్కరే బుకింగ్ సీటుల కూసొని రాయాలె, మిగిలినోళ్లు కలపాలె, ఆ సీటు వంతులవారీగ తిరగాలె అని చెప్పింది నేనే. కొన్నాళ్లు చేసి చూద్దామన్నరు. పని పరుగెత్తింది. ఇగ ప్రతి శనివారం ఏది కుదిరింది, ఏది కుదరలే అని ముచ్చట పెట్టి మార్చుకుంట పోయినం.

మా అందరిలకు పెద్దామెను అక్కా అని పిలిచేది. ఆమె వంతు రోజే తప్పులు ఎక్కువైతుండె. సిద్దిపేట అడిగినోళ్లకు నర్సంపేట కలిసేది.

“తప్పు రాసినోళ్లే ఆ మనిషికి ఫోన్ చేసి మాఫీ అడగాలె,” అన్న నేను. అక్క గూడ తలూపింది.

తర్వాతి వంతుల ఆమె ఓ వ్యాపారికి ఫోన్ చేసింది. “ఆఁ? ఏమన్నరు? జర మల్ల చెప్పున్రి,” అని అడుగుతనే ఉంది. ఆయన అరుపు పక్క సీటుల నాకు గూడ ఇనబడ్డది. మేం కిసుక్కున నవ్వినం. అక్క హెడ్‌ఫోన్ తీసి మెల్లగ బల్ల మీద పెట్టింది. తెల్లారి నుంచి డ్యూటీకి రాలే.

పాణం బాగలేదేమోనని కాజీపేటల వాళ్లింటికి పోయినం. ఎనుకనుంచి బిడ్డ ఎంత పిలిచినా ఆమె తిరిగి చూడలే. అప్పుడు సమజైంది.

“ఎప్పటిసంది అక్కా?” అని దగ్గరికి పోయి అడిగిన.

“చానా దినాలాయె. మునుపు ఒక్కో కాల్ నిమ్మళంగ రెండుమూడు సార్లు అడుక్కొని రాసుకునేదాన్ని. గా సీటుల ఊపిరాడనియ్యరు.”

“శనివారం మాకు చెప్పకపోతివి?”

“అందరు అంత ఖుషీగ ఉన్నరు. నేనెట్ల చెప్పాలె?”

ఆ వారం మా ముచ్చటంత ఆమె గురించే. పెద్దసారుతోని మాట్లాడి అక్కను, ఆఫీసుకొచ్చి ఫోన్ మాట్లాడేటోళ్ల కౌంటర్‌ల కూసోబెట్టినం. అక్కడ జనం ఎదురుంగ నిలబడి, ఊరు పేరు రాసిస్తరు. ఆమె చేతిల ఒక్క తప్పు కాలే.

ఓ దినం పైఆఫీసు నుంచి వచ్చిన సారు మా పద్ధతి చూసి, ఇది ఎవరి ఆలోచనని అడిగిండు. అందరు నన్ను చూపించి చప్పట్లు కొట్టిన్రు. కౌంటర్ కాడ అక్క గూడ కొట్టింది. నేను ఆమె దిక్కు తలెత్తి చూడలేకపోయిన.