పది బాతులే దించుదామన్న ఒప్పందం

కోవిడ్ గోల సద్దుమణిగిన మరుసటి ఏడు నన్ను కొడవలూరుకు పశువైద్యాధికారిగా వేశారు. అదే నా ఆఖరి పోస్టింగు. హోదాకు వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్. పనికి మాత్రం గేదె ఈనినా, గొర్రె దగ్గినా, కోడి కునికినా నేనొక్కణ్ణే. బాతులు కూడా నా నెత్తినే ఉంటాయని అక్కడికి వెళ్లాకే తెలిసింది.

దొరవారిసత్రం వైపు నుంచి మునెయ్య, పోలమ్మ దంపతులు ఏటా బాతుల మందను తోలుకొచ్చేవారు. కోత కోసిన మళ్లలో రాలిన గింజలూ నత్తలూ ఏరుకు తిని అవి పెరిగేవి. వీళ్లకు దాణా కొనే పని లేదు, రైతుకు ఎరువు మిగిలేది. మంద మా మండలంలో దిగగానే బాతుల ప్లేగుకు టీకా వేయడం నా విధి. ఆ ఏడు టీకాలు వేస్తుంటే పోలమ్మ కళ్లు తుడుచుకుంటూ కనిపించింది. వానలు ముందే పడి, రైతులు మళ్లు దున్ని నాట్లు వేసేశారు. మేపడానికి చోటు లేదు.

"కొని మేపలేం సార్. ఎదగకముందే మాంసానికి అమ్ముకోవాల్సిందే. ఇంక మళ్లీ బాతుల్ని పెట్టేది లేదు" అన్నాడు మునెయ్య.

అదే సమయానికి కాలవ అవతల బలరామిరెడ్డి గారు వీపుకు స్ప్రేయర్ తగిలించుకుని తన వరిమడిలో దిగబోతున్నారు. దుబ్బుల మొదళ్లలో సుడిదోమ చేరి రసం పీల్చేస్తోంది. నాట్లు వేరూనుకున్నాక, కంకి వెన్ను తీయకముందు, సగం ఎదిగిన బాతుల్ని వరిలో దించవచ్చు. గరుకు ఆకు జోలికి పోవు, పురుగును వదలవు. ఇదంతా శిక్షణలో విన్నదే, కంటితో చూసింది లేదు. మందు కొట్టాక మాత్రం ఆ మడిలో బాతును దించకూడదు. చెప్పులు చేత్తో పట్టుకుని ఒక్క పరుగున కాలవ దాటి, మందు ఆపి బాతుల్ని దించుకోమన్నాను.

"ఏంది డాక్టరు గారూ, కొరివితో తల గోక్కోమంటుండారే!" అన్నారు రెడ్డి గారు. బతిమాలగా బతిమాలగా ఒక షరతు మీద దిగొచ్చారు. పది బాతులే, అవీ ఆయన కళ్లముందే.

"నా బాతులు నా మాట జవదాటవన్నా" అంటూ, మందను కాలవ దాటించుకొచ్చిన మునెయ్య గుండె మీద చెయ్యేసుకున్నాడు. మిగతా మందను గట్టు మీద వలకంచె కట్టి ఆపి, పదింటిని లెక్కపెట్టి దించాడు.

బాతుకు ఒంటరి తిండి సయించదు. మడిలోని పదీ వెనక్కి తిరిగి అరిచాయి, గట్టు మీదివి బదులు పలికాయి. ఆపైన వలా లేదు, గుంజా లేదు. మందంతా మడిలోకి దొర్లుకొచ్చింది. మునెయ్య గొంతు చించుకుని పిలిచినా ఒక్కటీ తిరిగి చూడలేదు. అడ్డుపడబోయిన రెడ్డి గారు స్ప్రేయర్‌తో సహా బురదలో చతికిలబడ్డారు. ఆయన ఒళ్లోంచే బాతులు నడిచిపోయాయి. లేపబోయి నేనూ పక్కనే కూలబడ్డాను. పోలమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది, ఆమెను చూసి నేనూ ఆపుకోలేకపోయాను. గెజిటెడ్ అధికారినన్న సంగతే గుర్తు లేదు. అంత సంతోషం నా సర్వీసులో మరెప్పుడూ కలగలేదు.

"నవ్వండి! పైరు పోయినాక మీరే నాకు కూడు పెడుదురు" అని రెడ్డి గారు తిట్లు లంకించుకున్నారు. ఇంతలో ఆయన మోకాలి పక్కనే ఒక బాతు దుబ్బు మొదట్లో టకటకా పొడవడం మొదలెట్టింది. ఆయన వంగి ఆ దుబ్బును విడదీసి చూశారు. దోమ లేదు. పక్క దుబ్బులోనూ లేదు. బురదలో కూర్చునే కేకేశారు:

"మునెయ్యా, ఆ ఈశాన్యం మూలకి ఇంకా పోలేదు. అటు తోలబ్బా!"

ఒరిగిన దుబ్బులు మర్నాటికి లేచి నిలబడ్డాయి. స్ప్రేయర్ కొట్టంలోకి వెళ్లింది. మంద ఎవరి మడికి ముందు రావాలన్న దాని మీద రైతులు గట్టు మీదే పోట్లాడుకున్నారు. గింజ కనబడితే బాతు ఆగదు కనుక, వెన్ను తొంగిచూడగానే మందను బయటికి తీయించాను. అప్పటికి బాతులు బాగా ఎదిగాయి. మరుసటి ఏడు మునెయ్య దంపతులు ఇంకా పెద్ద మందతో వచ్చారు.

ఆ తర్వాత జీవాల పెంపకం గురించి ఎవరు సలహా అడిగినా, దాణా సంగతి కన్నా ముందు, ఆ జీవం నోటికి మీ పొలంలో ఏం పని ఉందని అడిగేవాణ్ణి. పని ఉన్న జీవం ఆ ఊళ్లో నిలుస్తుంది. బాతుల విషయంలో ఇంకొక మాట కూడా చేర్చేవాణ్ణి: దించితే మందంతా దించండి.